వర్జ్యం వేళ వేసిన డాక్యుమెంటరీ

మా చెల్లిని చూసుకోవడానికి కోటవురట్ల నుంచి జీపు నిండా వచ్చిన పెళ్లివారిని, పిల్లని చూపించకముందే మా పెరట్లో వరసగా నిలబెట్టి తలస్నానాలు చేయించిన మొనగాణ్ణి నేను. ఆ రోజు వాన లేదు. పండగా కాదు. ఎవరి మీదా ఎవరూ ఏమీ ఒలకబోయలేదు. అంతటికీ కారణం ఒక సినిమా. సినిమా చూస్తే తలనొప్పి వచ్చినవాళ్లని మీరు చూసి ఉంటారు, నిద్ర వచ్చినవాళ్లని చూసి ఉంటారు. మైల వచ్చినవాళ్లని చూసి ఉండరు. నేను చూశాను, అందులో నా చెయ్యే ముందు, కాబట్టి మొదటి నుంచీ చెప్తాను.

తొంభైల చివరి రోజులు. నర్సీపట్నంలో ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. పేరు సూరిబాబు. అందరికీ ఉన్నట్టే నాకూ సినిమా పిచ్చి ఉండేది. అందరూ చూసే సినిమాల పిచ్చి అయితే మా ఇంట్లో ఎవరూ పట్టించుకునేవారు కాదు. హాలు ముందు కాగితాలు చల్లి చొక్కాలు చింపుకునేవాళ్లు మా వీధిలోనే బోలెడుమంది. నాది ఎవరూ చూడని సినిమాలు చూసే పిచ్చి. దానికి మందు లేదు.

ఇది విశాఖపట్నంలో బి.ఎడ్. చదువుతుండగా అంటుకుంది. హాస్టల్లో నా పక్క మంచం ప్రకాశం ఒక ఆదివారం నన్నొక ఫిల్మ్ సొసైటీకి లాక్కెళ్లాడు. టికెట్ లేదన్నాడు, ఫ్యాన్లున్నాయన్నాడు, ఇంకేం కావాలి? ఆ రోజు వేసిన సినిమాలో ఒకాయన తలుపు బాగుచేస్తాడు. గంటన్నర సేపు బాగుచేస్తాడు. బాగయ్యాక తలుపు తీసుకుని బయటికి వెళ్లిపోతాడు. అంతే, దీపాలు వెలిగాయి, అందరూ చప్పట్లు కొట్టారు. నా పక్కనున్న గడ్డమాయన ఇటు తిరిగి, "ఎలా ఉందండీ?" అన్నాడు.

ఒట్టు, నాకు ఒక్క ముక్క అర్థమైతే! కానీ అర్థం కాలేదంటే ఏం బాగుంటుంది? "చాలా లోతుగా ఉందండీ" అన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "మీలాంటి ప్రేక్షకులే కావాలండీ ఈ దేశానికి" అన్నాడు. అప్పటిదాకా ఈ దేశానికి నాతో పనుందని ఎవరూ అనలేదు. ఆ మాటతో నేను పడిపోయాను.

ఇక అక్కణ్ణించి ఏ ఆదివారమూ వదల్లేదు. దయ్యం సినిమా అనేవారు, దయ్యం రాదు. హాస్యచిత్రం అనేవారు, అందులో నవ్వేవాడు ఉండడు, హాల్లోనూ ఉండడు. ప్రేమకథలో ఆ అమ్మాయీ అబ్బాయీ ఒక్కసారైనా కలుసుకోరు. అపరాధ పరిశోధనలో దొంగ దొరకడు సరికదా, అసలు దొంగతనం జరిగిందా లేదా అన్నదే తేలదు. డాక్యుమెంటరీలు మరీనూ. ఉప్పు మడుల మీద ఒకటి, గాడిదల మీద ఒకటి, సముద్రం ఒడ్డు లైట్‌హౌసులో ఒంటరిగా ఉండే ముసలాయన మీద ఒకటి. బయటికొచ్చేసరికి నా బుర్ర రుబ్బురోల్లోంచి తీసినట్టు ఉండేది. అయినా అర్థం కాకపోవడంలో ఏదో గౌరవం ఉందని కనిపెట్టేశాను. తనకే అర్థం కాదు గానీ ఊరందరికీ వ్యాఖ్యానం అన్నట్టు తయారయ్యాను.

చదువయి నర్సీపట్నం వచ్చేశాక కూడా ప్రకాశం నన్ను వదల్లేదు. ఎక్కడెక్కడి సినిమాలనో క్యాసెట్లకెక్కించి, బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపేవాడు. ఊళ్లోకి కేబుల్ రావడంతో మూతపడిన ఒక వీడియో షాపు నుంచి పాత వీసీఆర్ ఒకటి సంపాదించి ముందుగదిలో టీవీ కింద పెట్టాను. టీవీ పైన ఏటికొప్పాక బొమ్మలు, కింద నా ప్రపంచ సినిమా.

మొదటి ప్రదర్శన మా అమ్మానాన్నలకే. నాన్న ఎమ్మార్వో ఆఫీసులో గుమస్తా, ఏ విషయమైనా తేల్చుకునే మనిషి.

"కథేటిరా?" అన్నారు.

"కథ ఉండదు నాన్నా."

"పాటలు?"

"ఉండవు."

"మరేటుంటాది?"

"జీవితం నాన్నా!"

"అది మనింట్లో ఉన్నదే కదరా. మళ్లీ టీవీలో ఎందుకు?"

అమ్మ ఉప్పు మడుల డాక్యుమెంటరీ పది నిమిషాలు ఓపికపట్టి చూసింది. తర్వాత కొంగు దులుపుకుని లేచి, "ఉప్పు సూడ్డానికి కరెంటెందుకురా కాల్సడం? వంటింట్లో డబ్బా ఉంది, మూత తీసి ఎంతసేపైనా సూసుకో" అంది.

మీకొక్కరికే చెప్తాను, ఆ క్యాసెట్లలో సగానికి సగం నేను కూడా ఆఖరు దాకా చూడలేదు. మొదటి అరగంట బుగ్గ మీద చెయ్యి పెట్టుకుని చూసేవాణ్ణి. ఆ తర్వాత బుగ్గ మీద చెయ్యి అలాగే ఉండేది, నేను నిద్రలోకి జారిపోయేవాణ్ణి. లేచాక ప్రకాశానికి ఫోన్ చేసి "అద్భుతం" అనేవాణ్ణి. ఈ అలవాటే మా కొంప మీదికి తెచ్చింది.

ఇక మా చెల్లి సంగతి. పద్మ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో టీచరు. అంతకుముందు రెండు సంబంధాలు వచ్చాయి. రెండుచోట్లా పిల్ల నచ్చిందన్నారు, ఉద్యోగం మానెయ్యాలన్నారు. పద్మ మాననంది, వాళ్లు లేచిపోయారు. ఈ మూడో సంబంధం కోటవురట్ల దగ్గర హైస్కూల్లో పనిచేసే రఘు అనే మేష్టారిది. ఉద్యోగం చేసుకోనివ్వడమేంటి, అది ఆవిడిష్టం కదా అని అతనే కబురు చేశాడట. ఏదో ట్రైనింగులో మా పద్మ అతన్ని దూరం నుంచి చూసింది కూడానట. ఆ సంగతి అమ్మకి చెప్పింది, అమ్మ నాకు చెప్పింది, నేను నవ్వితే పద్మ నా మీదికి దువ్వెన విసిరింది.

పెళ్లిచూపుల ముందు రోజు సాయంత్రం మాత్రం చేతులు జోడించుకుని వచ్చింది.

"అన్నయ్యా, నీకు దండం పెడతాను. రేపు సినిమాల ఊసెత్తకు."

"నేనెందుకెత్తుతానే?"

"నువ్వెత్తుతావు. ఆ గాడిదలో, తలుపులో ఏదో ఒకటి ఎత్తుతావు. ఈ సంబంధం గానీ చెడిందంటే నేనింక ఎవరి ముందూ వచ్చి కూర్చోను. నిజంగా చెప్తున్నా."

దాని కళ్లల్లో నీళ్లున్నాయి. నాకు భయం వేసింది. మాటిచ్చాను.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళ దాటగానే జీపు దిగింది. పెళ్లికొడుకు రఘు, అతని తండ్రి సత్యనారాయణ గారు, తల్లి, ఒక మేనమామ, ఇంకా కొందరు చుట్టాలు. వీళ్లందరి మీదా పెత్తనం ఒకావిడది: రఘు నాయనమ్మ నూకాలమ్మ గారు. మనిషి చిన్నదే గానీ ఆవిడ దిగితేనే జీపు తేలికపడినట్టు లేచింది. చేతిసంచిలో పంచాంగం.

"వర్జ్యం రాకముందే గడప దాటాలని బేగి బయల్దేరిపోనాం బాబూ" అందావిడ కుర్చీలో సర్దుకుంటూ. "ఇప్పుడు వర్జ్యం వచ్చీసినాది. అదెళ్లిపోయేదాకా పిల్లని పిలవకండి, పెళ్లిమాటెత్తకండి. ఈలోపల వేరే ఏటైనా మాటాడుకుందాం."

వేరే ఏటైనా అంటే ఏం మాట్లాడతారు చెప్పండి? వానలు అయ్యాయి. బెల్లం ధర అయింది. బస్సులు సరిగా లేవన్నారు, లేవన్నాం. అమ్మ బజ్జీలు తెచ్చి పెట్టింది. వర్జ్యం వెళ్లడానికి ఇంకా గంటకి పైగానే ఉంది. ముందుగదిలో అందరూ గోడ గడియారం వంక చూస్తూ కూర్చున్నారు. నాన్నకి చెమటలు పట్టాయి.

"ఒరే సూరీ, టీవీలో ఏదైనా మంచి సినిమా ఉంటే వెయ్యరా" అన్నారు.

తలుపు కర్టెన్ వెనక గాజులు గట్టిగా చప్పుడయ్యాయి. అది పద్మ హెచ్చరిక. నాకు వినిపించింది. కానీ నేనెత్తలేదు కదా, నాన్న ఎత్తారు!

నూకాలమ్మ గారు చెయ్యి అడ్డంగా ఊపింది. "వద్దు బాబూ. ఆ గెంతులూ, ఆ గుద్దుకోడాలూ నాను సూడనేను. అంతా యాక్టింగే కదా."

అయ్యా, ఈ ముక్క కోసం నేను నర్సీపట్నంలో రెండేళ్లుగా ఎదురుచూస్తున్నాను. ఒక్కరైనా ఆ మాట అనరా అని. "మామ్మగారండీ!" అంటూ లేచి నిలబడ్డాను. "మీరన్నది వందకి వంద నిజం. నా దగ్గర ఉన్నదాంట్లో గెంతులు లేవు, ఫైటింగులు లేవు. అసలు యాక్టింగే లేదండీ. డాక్యుమెంటరీ! ఉన్నది ఉన్నట్టు తీశారు. ప్రతి మనిషీ నిజం, ప్రతి మాటా నిజం!"

"అలాగా? అయితే ఎయ్యి బాబూ, సూద్దుం" అందావిడ.

ఆ వారమే వచ్చిన క్యాసెట్ పెట్టాను. ఏదో చలిదేశపు కొండపల్లె, అక్కడొక ముసలావిడ, ఒక గుడిసె, ఒక మేక. మొదటి అరగంట చూశాను, చాలా ప్రశాంతంగా ఉంది. ఆ తర్వాతది నాకు తెలీదు, ఎందుకు తెలీదో మీకు ఇందాకే చెప్పాను.

తెర మీద మంచు పడుతోంది. పడుతూనే ఉంది. మేనమామ బజ్జీ నములుతూ ముందుకి వంగి, "బాబూ, మీ టీవీకి రంగు పోయినట్టుందే" అన్నాడు.

"లేదండీ, కావాలనే రంగు లేకుండా తీశారు."

"మరి కదలటం లేదేటి?"

"కదులుతోందండీ. చూడండి, మంచు కదుల్తోంది."

ఆయన కాసేపు మంచు వంక చూసి, ఇంకో బజ్జీ తీసుకున్నాడు.

ముసలావిడ గుడిసెలో కూర్చుని పిండి కలుపుతోంది. నూకాలమ్మ గారు కుర్చీ ముందుకి జరుపుకుంది. "పిండి గట్టిగా కలిపీసినాది. రొట్టి మెత్తగా రాదు" అంది. నా గుండె పొంగిపోయింది. ఇన్నాళ్లకి ఒక ప్రేక్షకురాలు దొరికింది!

"ఈవిడికి పిల్లల్లేరేటి బాబూ? ఒక్కర్తే ఉన్నాది?"

కింద ఇంగ్లీషు అక్షరాలు పడుతున్నాయి. అవి చలి గురించి, కట్టెల గురించి చెప్తున్నాయి, అవి కూడా నేను సగం చదివేలోపు మాయమైపోతున్నాయి. పిల్లల మాట ఎక్కడా లేదు. ఉన్న ఒక్క ప్రేక్షకురాలిని పోగొట్టుకుంటానా? "నలుగురు కొడుకులండీ" అన్నాను. "ఎవరూ చూడరు."

"అయ్యో నా తల్లీ! కోడళ్లో?"

"గయ్యాళులండీ."

రఘు తల్లి ఒకసారి నా వంక చూసి, కొంగు భుజం మీదికి లాక్కుంది. నూకాలమ్మ గారు ఆవిడ వంక చూసి నిట్టూర్చింది. సత్యనారాయణ గారు తల్లినీ చూళ్లేక భార్యనీ చూళ్లేక ఏటికొప్పాక బొమ్మల్ని చూడ్డం మొదలెట్టారు. ఇవేవీ నేను గమనించలేదు. వ్యాఖ్యానం జోరులో ఉన్నాను.

ఇంతలో ముసలావిడ వెళ్లి పడుకుంది. కెమెరా ఆవిడ ముఖం మీదే నిలిచిపోయింది. అలాగే ఉంది. ఫ్యాను తిరుగుతోంది. మేనమామ నమలడం ఆపేశాడు.

"బాబూ" అంది నూకాలమ్మ గారు మెల్లిగా. "ఆవిడ పోనాది."

"లేదండీ మామ్మగారూ. నిద్రపోతోంది."

"ఊపిరి లేదు బాబూ."

"అది డైరెక్టరు గారి శైలండీ. నిదానంగా తీస్తారు."

"ముక్కు మీద ఈగ వాలినాది. తోలుకోలేదు."

"ఈగ కూడా నిజమేనండీ! చెప్పాను కదా, ఇందులో అంతా..."

అనేలోపే గుడిసె తలుపు తెరుచుకుంది. నల్లకోట్లు వేసుకున్న నలుగురు మనుషులు పొడుగాటి చెక్కపెట్టె ఒకటి మోసుకుని లోపలికొచ్చారు. టోపీలు తీశారు. శుభం పలకరా మంకెన్నా అంటే పాడె ఎక్కడ అన్నాడట! నేను రిమోట్ కోసం తడుముకున్నాను. అది మేనమామ కింద ఉంది. ఆయన్ని లేవమంటే ఆయన బిగుసుకుపోయి లేవలేదు. నేను పరిగెత్తి వీసీఆర్ ఆపేసరికి ముసలావిడ పెట్టెలో ఉంది, మూత కూడా వేసేశారు.

నూకాలమ్మ గారు రెండు చేతులూ తల మీద పెట్టుకుని ఏడుపు ఎత్తుకుంది.

"ఓలమ్మో! ఓ నా తల్లో! నలుగురు కొడుకులుండీ దిక్కులేకండా పోనావా తల్లో! నీ సేత్తో కలిపిన పిండి ముద్ద అలాగే ఉండిపోనాదే నా తల్లో!"

నలుగురు కొడుకుల్ని ఇచ్చింది నేనే కదా, ఆ ఏడుపులో నా వాటా కూడా ఉంది. ఆవిడని చూసి పక్కనున్న చుట్టాలావిడ కూడా ఎత్తుకుంది. మా వీధి ఇరుకు, ముందుగదిలో దగ్గితే ఎదురింట్లో మందు పేరు చెప్తారు. కిటికీలు తెరుచుకున్నాయి. మా ఎదురింటి కాంతమ్మ గారు మంచి మనిషి, కష్టానికి ముందుంటుంది. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు కదా అని, ఉన్నపళాన ఫ్లాస్కు నిండా కాఫీ పోసుకుని కళ్లు తుడుచుకుంటూ వచ్చేసింది.

"ఎప్పుడు పోయారమ్మా?" అంది మా అమ్మని పట్టుకుని. "పొద్దున్న కూరగాయల బండి దగ్గర వంకాయలు ఏరుతున్నారు కదా నిక్షేపంలా!"

"ఎవరు?" అంది అమ్మ.

"మీ ఆయనేనమ్మా!"

సరిగ్గా అప్పుడే నాన్న మంచినీళ్ల చెంబు పట్టుకుని లోపల్నించి వచ్చారు. కాంతమ్మ గారు ఒక్క కేక వేసి గోడకి అతుక్కుపోయింది.

"నేనున్నానమ్మా" అన్నారు నాన్న.

"మరి పోయిందెవరండీ?"

"టీవీలో ముసలావిడండి" అన్నాడు మేనమామ.

"మీకేమవుతారు?"

నూకాలమ్మ గారు ముక్కు తుడుచుకుని లేచింది. ఏడుపు ఎక్కడిదక్కడ ఆగిపోయింది, ముఖం గంభీరంగా మారింది. "పదండ్రా. శుభమా అని వస్తే శవం ఎదురైనాది. సావు మాట పుట్టిన గుమ్మంలో పెళ్లి మాటాడకూడదు. ఇది మనకి రాసిపెట్టిన సంబంధం కాదు."

కర్టెన్ కదల్లేదు. గాజుల చప్పుడు లేదు. ఆ చప్పుడు లేకపోవడంతోనే నాకు భయమేసింది. నేను ఆవిడ ముందుకెళ్లి చేతులు కట్టుకున్నాను.

"మామ్మగారండీ, మీరనుకున్నట్టు కాదండీ. ఆవిడ నిజంగా పోలేదు. యాక్టింగండీ, అంతా యాక్టింగు!"

"యాక్టింగు లేదని నువ్వే సెప్పినావు కద బాబూ."

"అంటే... అప్పుడు..."

"అబద్దం అప్పుడాడినావా, ఇప్పుడాడతన్నావా? ఒకటి సెప్పు."

చూశారా నా పరిస్థితి? అప్పుడు ఆడానంటే పెళ్లికూతురి అన్న అబద్ధాలకోరు. ఇప్పుడు ఆడానంటే ముందుగదిలో శవం. ముందుకెళ్తే నుయ్యి, వెనక్కెళ్తే నా సొంత వ్యాఖ్యానం. నాన్న వంక చూశాను. నాన్న నా వంక చూడ్డం మానేశారు. మేనమామ మాత్రం ఒక బుగ్గ ఉబ్బించుకుని, "అక్కా, నోట్లో బజ్జీ ఉండిపోయింది. శవాన్ని సూసినాక మింగొచ్చా, ఉమ్మీయాలా?" అని అడుగుతున్నాడు. ఆయన కష్టం ఆయనది.

అప్పుడు, అప్పటిదాకా ఒక్క మాటా మాట్లాడని రఘు గొంతు సవరించుకున్నాడు.

"ఆ సినిమా ఎప్పుడు తీసిందండీ?"

నేను క్యాసెట్ అట్ట తిప్పి చూశాను. "ముప్పై ఏళ్ల కిందటండీ, నేను పుట్టకముందు."

అతను నాయనమ్మ వైపు తిరిగాడు. "మామ్మా, కటకంలో తాతగారి తమ్ముడు పోయారని మనకి మూడేళ్లకి తెలిసింది చూడు. అప్పుడు నువ్వేం చెప్పావు? ఏడాది దాటాక తెలిసిన చావుకి మైల లేదు, తలకి పోసుకుంటే సరి అన్నావు. మరి ఈవిడ పోయి ముప్పై ఏళ్లవుతోంది కదా."

అందరం నూకాలమ్మ గారి ముఖం వంక చూశాం. ఆవిడ పైకి చూసింది, వేళ్ల మీద ఏదో లెక్కేసుకుంది, పంచాంగం సంచి మీద చెయ్యి పెట్టింది.

"నిజఁవే" అంది చివరికి. "తానం సేస్తే సాలు. తర్వాత శుభం మాటాడుకోవచ్చు."

"అందరూనా మామ్మా?"

"సూసినోళ్లందరూ. తలకి."

మేనమామ ఒక్క గుటకలో బజ్జీ మింగేసి చొక్కా గుండీలు విప్పడం మొదలెట్టాడు.

ఇక మా పెరడు చూడాలి! ఉన్నది ఒక నుయ్యి, రెండు బకెట్లు, తడకల స్నానాల గది ఒకటి. ఆడవాళ్లని కాంతమ్మ గారు తన ఇంటికి తీసుకెళ్లింది. నూకాలమ్మ గారు మాత్రం నూతి నీళ్లే కావాలంది, అవీ వేడిగా కావాలంది. మా పెళ్లిచూపుల్లో తువ్వాళ్లు కావాల్సొస్తాయని అమ్మ కలగనలేదు. ఒకరికి దుప్పటి ఇచ్చాం, ఒకరికి గుమ్మం కర్టెన్ తీసి ఇచ్చాం. మేము కూడా చూశాం కదా, మాకూ తప్పలేదు. నాన్న చన్నీళ్లు నెత్తిన గుమ్మరించుకుంటూ, చెంబు చెంబుకీ నా పేరు తల్చుకున్నారు.

ఎవరికేం చెయ్యాలో తెలీక నేను బకెట్ పట్టుకుని గిరగిర తిరుగుతుంటే, వెనకాల నుంచి పద్మ వచ్చేసింది. వర్జ్యం లేదు, పిలుపు లేదు, జడ సగం అల్లి ఉంది, పట్టుచీర కుచ్చెళ్లు పైకి దోపుకుంది. నా చేతిలో బకెట్ లాక్కుంది. నా వంక కన్నెత్తి చూడలేదు. పొయ్యి మీద నీళ్లు దింపి, చన్నీళ్లు కలిపి తొలిపి, చేత్తో చూసి, "బేగి రండి మామ్మగారూ, చల్లారిపోతాయి" అని నూకాలమ్మ గారిని తడకల గదిలోకి తీసుకెళ్లింది.

లోపల్నించి మాటలు వినిపిస్తున్నాయి.

"నీ పేరేటమ్మా?"

"పద్మ అండి. కళ్లు మూసుకోండి, పోస్తున్నాను."

"నీళ్లు సరిగ్గా తొలిపినావు. బడికెళ్తన్నావంట కదా?"

"వెళ్తున్నానండి. మాననండి."

నేను నూతి గట్టు పట్టుకున్నాను. అయిపోయింది అనుకున్నాను.

"మానమని ఎవులన్నారు?" అంది నూకాలమ్మ గారు. "ఇంకో సెంబు పొయ్యి."

వర్జ్యం ఎప్పుడు వెళ్లిందో ఎవరూ చూసుకోలేదు. అందరూ మళ్లీ ముందుగదిలోకి వచ్చి కూర్చునేసరికి ఎవరు ఎవరో పోల్చుకోలేకపోయాం. సత్యనారాయణ గారు మా నాన్న పంచెలో ఉన్నారు. మేనమామకి ఏదీ పట్టక దుప్పటిలో ఉన్నాడు. పెళ్లికొడుకు నా లుంగీ కట్టుకుని, మా స్కూలు ఆటలపోటీల బనీను తొడుక్కున్నాడు, దాని వెనకాల 'వాలంటీర్' అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి. అందరం కాంతమ్మ గారి చావు కాఫీ తాగాం. కాఫీ బాగుంది.

పద్మ వచ్చి నాయనమ్మ పక్కన కింద కూర్చుని, ఆవిడ జుట్టు చిక్కు తీస్తోంది. ఎవరూ పాట పాడమనలేదు, నడవమనలేదు. పెళ్లిచూపులు మొదలయ్యాయో లేదో, అయిపోయాయో కూడా నాకు తెలీలేదు. చివరికి నాన్నే ధైర్యం చేసి, "మరి... మీ ఉద్దేశం ఏటండీ?" అన్నారు.

నూకాలమ్మ గారు తల పక్కకి తిప్పింది. "ఒక సావుకి కలిసి ఏడిసి, ఒక నూతి కాడ కలిసి తానాలు సేసినోళ్లని ఏటంటారు బాబూ? సుట్టాలంటారు. ఇంక ఉద్దేశం ఏటి, తాంబూలాలు అందుకోండి."

అమ్మ ఏడ్చేసింది. కాంతమ్మ గారు ఈసారి ఎవరూ పోకుండానే ఏడ్చింది. నేను వంటింట్లోకి వెళ్లి గోడకి ఆనుకుని నిలబడ్డాను.

జీపు మా బట్టలతో, వాళ్ల తడిబట్టల మూటలతో కోటవురట్ల వెళ్లిపోయింది. తడి తలలతో ఊళ్లో దిగేసరికి ఎవరో పోయారనుకుని వాళ్ల వీధిలోవాళ్లు కూడా కాఫీలు పట్టుకొచ్చారని తర్వాత తెలిసింది.

జీపు మలుపు తిరగ్గానే పద్మ నా దగ్గరికొచ్చింది. దువ్వెన ఇంకా చేతిలోనే ఉంది. నేను రెండడుగులు వెనక్కి వేశాను.

"అన్నయ్యా, ఇదివరకు వచ్చినవాళ్లంతా నన్ను చూసి వెళ్లారు. నేను తలెత్తి చూసేలోపే లేచిపోయేవారు. ఇవాళ నూతి దగ్గర ఆయన ఒళ్లంతా తడిసి వణుకుతూ కూడా, తువ్వాలు చేతికిస్తే, ముందు మామ్మకివ్వండి అన్నారు. నేను చూసుకున్నాను. నాకు చాలా సంతోషంగా ఉంది" అంది. నేను దాని తల మీద చెయ్యి వెయ్యబోయాను. "అలాగని నిన్ను క్షమించాననుకోకు. ఇంకెప్పుడూ ఎవరికీ సినిమా వెయ్యనని ఒట్టెయ్యి" అంది.

అందరూ నా చుట్టూ చేరారు. నేను కూడా ఆ క్షణాన నిజంగానే మారిపోయిన మనిషిని. కుడిచెయ్యి ముందుకి చాచి, నిటారుగా నిలబడి, "ఆఖరు దాకా నేను చూడని సినిమాని, అందులో ఏ ప్రాణికీ ప్రాణాపాయం లేదని రూఢి చేసుకోని సినిమాని, రంగున్నా లేకున్నా, కదిలినా కదలకపోయినా, ఈ జన్మలో ఇంకెవ్వరికీ చూపించను" అన్నాను.

"ఊరికే అంటే కాదు. నా మీద ఒట్టెయ్యరా" అన్నారు నాన్న.

"ఏటండీ ఆ మాటలు! వీడు ఒట్టు తప్పితే? శుభం జరిగిన పూట మళ్లీ చావు సంగతెందుకు?" అని అమ్మ నా చెయ్యి లాగేసింది. తన మీద వెయ్యనివ్వలేదు, పద్మ మీద అసలే వెయ్యనివ్వలేదు. ఇంట్లో ప్రాణం లేని వస్తువు ఏదుందా అని వెతికి, చివరికి నా చెయ్యి తీసుకెళ్లి వీసీఆర్ మీద పెట్టించింది.

ఆ వీసీఆర్ మరుసటి నెలలోనే పోయింది. ఎందుకు పోయిందో మీరు నన్నడక్కండి.